మోతీకంటే ముందు ఒక పిడికెడు

పోయిన మార్గశిరంలో మా పెద్ద ఆడపడుచు మనవడి పెళ్లికి ఎల్బీనగర్ వెళ్లాను. ముహూర్తం పదకొండింటికి. తొమ్మిదిన్నరకల్లా పెళ్లికొడుకు గుర్రమెక్కి ఫంక్షన్ హాలు దాకా ఊరేగాలని కుర్రవాళ్ల ముచ్చట. మెట్రో స్తంభం పక్కన డీజే బండి సిద్ధంగా ఉంది, చుట్టాలు సిద్ధంగా ఉన్నారు, తెల్లగుర్రం అందరికంటే ముందే సిద్ధంగా ఉంది. తీరా చూస్తే పెళ్లికొడుకు తలపాగా తలకు పట్టలేదు. ఇంకొకటి తేవడానికి ఎవరో దిల్‌సుఖ్‌నగర్‌కు బండి మీద పరిగెత్తారు. ఆ దారిలో ఆ వేళప్పుడు ట్రాఫిక్ ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లంతా కుర్చీలు వెతుక్కున్నారు. గుర్రం తెచ్చిన మనిషి మాత్రం ఆ ఆలస్యానికి సంతోషించినట్టే కనిపించాడు. తన ఆటోలోంచి ఒక కాన్వాసు సంచి తీసి, తాడు సరిచేసి, గుర్రం మూతికి తగిలించాడు. పట్టుచీర మీద శాలువా కప్పుకుని పది గజాల దూరంలో నిలబడ్డ నా దాకా ఆ సంచిలోని వాసన వచ్చింది.

ఉడికిన ఉలవల వాసన. ఇప్పుడు పెద్ద హోటళ్లలో మీగడ వేసి బుల్లి కుండల్లో తెచ్చిపెట్టే ఉలవచారు వాసన కాదది. దానికి పోపు, మసాలా, ఖరీదు అన్నీ ఉంటాయి. ఇది ఉప్పు కూడా వేయకుండా కట్టెల పొయ్యి మీద ఉడికించి, తవుడు కలిపి, చలిరోజులు గనుక ఇంత బెల్లం చిదిపి వేసిన గుర్రం దాణా వాసన. ముక్కుకు తగలగానే నా నోట్లో నీళ్లూరాయి. అరవై ఏళ్ల దగ్గరికొచ్చిన టీచరమ్మకు గుర్రం దాణా చూసి నోరూరిందంటే నవ్వుతారని తెలుసు. నవ్వండి. నేను వెళ్లి ఆ మనిషిని ఒక మాట అడిగాను. ముందు అతనూ నవ్వాడు. తర్వాత చెప్పిన జవాబుతో, నలభై ఏళ్లకు పైగా నేను నమ్ముకున్న ఒక సంగతి తలకిందులైంది. అదేమిటో తెలియాలంటే నేను గుర్రాలను మేపిన చలికాలం గురించి చెప్పాలి.

అప్పుడు మేము గడ్డిఅన్నారంలో ఉండేవాళ్లం. మాది నల్గొండ జిల్లా పల్లె. మా నాయిన ఆరు బర్రెలతో పట్నం వచ్చి, ఒక ఖాళీ జాగాలో కొట్టం వేసి పాల వ్యాపారం పెట్టాడు. కొట్టం పక్కనే రెండు గదుల ఇల్లు. తెల్లవారకముందే పాలు పితికి, సైకిలుకు రెండు వైపులా క్యాన్లు కట్టుకుని, నాయిన దిల్‌సుఖ్‌నగర్ గల్లీలన్నీ తిరిగేవాడు. అమ్మ పేడ తీసేది, కుడితి కలిపేది, మిగిలిన పాలు తోడు పెట్టేది. నాయనమ్మ అరుగు మీద కూర్చుని అందరి పనిలోనూ తప్పులు వెతికేది. మా ఇంట్లో మనుషులు తిన్నారా లేదా అని అడిగేవాళ్లు కాదు. బర్రెలు తిన్నాయా అని అడిగేవాళ్లు. అవి తింటే మేమూ తిన్నట్టే లెక్క. అటువంటి ఇంట్లో ఒక వానాకాలం అమ్మ జ్వరంతో పడుకుని వారం తిరగకుండా పోయింది. నాకప్పుడు పదిహేనేళ్లు.

అమ్మ పోయాక నాకు అన్నం సయించలేదు. అలిగి మానలేదు, మొండికేసి మానలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతు దగ్గర ఆగిపోయేది, అంతే. నీళ్లు తాగేదాన్ని, మజ్జిగ తాగేదాన్ని, కంచం ముందు కూర్చుని మెతుకులు అటూ ఇటూ జరిపి లేచేదాన్ని. దసరా నాటికి గాజులు మోచేతి దాకా జారేవి. నాయిన దవాఖానకు తీసుకుపోతే డాక్టరు ఎర్రటి టానిక్కు రాసిచ్చాడు. నాయనమ్మ యాదగిరిగుట్టకు మొక్కింది, మలక్‌పేటలో ఎవరి చేతనో తాయెత్తు కట్టించింది, ఎదురుగా కూర్చుని "ఒక్క బుక్కెడు తిను బిడ్డా, నీ కాల్మొక్కుత" అని ఏడ్చింది. ఎదురింట్లో ఉండే గుంటూరు వైపు పిన్నిగారు రోజుకో పచ్చడి పంపేది. "గోంగూరతో తినని పిల్లని నేనింతవరకూ చూళ్లేదమ్మా" అని ఆమె నాయనమ్మతో అనడం విన్నాను. అందరూ తినమన్నవాళ్లే. తినమన్న కొద్దీ నా గొంతు ఇంకా బిగుసుకునేది. బడికి పోవడం కూడా మానేశాను. మెట్లెక్కితే కళ్లు తిరిగేవి.

ఆ రోజుల్లోనే ఖాదర్ చాచా గుర్రాలు మా కొట్టానికి వచ్చాయి. చాచా మలక్‌పేటలో ఉండేవాడు. ఒకప్పుడు టాంగా తోలేవాడు. ఆటోలు వచ్చి టాంగా మూలనపడ్డాక, మోతీ అనే తెల్లటి ఆడగుర్రాన్ని కొనుక్కుని పెళ్లిళ్లకు తిప్పేవాడు. టాంగాకు కట్టిన ముసలి ఎర్రగుర్రం సుల్తాన్‌ను అమ్మడానికి మనసొప్పక దాన్నీ మేపుతుండేవాడు. భార్య లేదు, కూతురు నిజామాబాద్‌లో కాపురం. ఏళ్ల తరబడి మా నాయిన దగ్గరే పాలు తీసుకునేవాడు గనుక ఇంటి మనిషే. ఆ కార్తీకంలో పాచి పట్టిన మెట్టు మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పిండికట్టుతో, మెడకు వేలాడే గుడ్డ ఉయ్యాలతో ఒక పొద్దున వచ్చి నాయిన ముందు నిలబడ్డాడు.

"భాయ్, ఒంటి చేత్తోని దాణా ఉడకబెట్టుడు నాతోని అయితలేదు. మాఘం పెండ్లిళ్ల దాంక నా రెండు జాన్వర్లు నీ కొట్టంల ఉంచుకో. చలికాలమే కష్టం. చలిల గుర్రం కండ కరిగిందంటే మళ్ల రాదు. బొక్కలు కనవడే గుర్రాన్ని ఎవడు పెండ్లికి పిలుస్తడు? మోతీ పోతే నా రోటీ పోయినట్టే" అన్నాడు.

నాయిన ఒప్పుకున్నాడు. కానీ తనకు బర్రెలతోనే సరిపోతుంది, ఎవర్నన్నా జీతానికి పెడదామన్నాడు. చాచా ఇల్లంతా కలయజూసి, గడపలో గోడకు ఆనుకుని కూర్చున్న నా వైపు గడ్డంతో చూపించాడు. "గీ బేటీ మేపుతది. మగోళ్లకు తొందరెక్కువ, గుర్రం దగ్గర తొందర నడవదు." నాయినకు నా వాలకం చూసి జంకు కలిగింది. బకెట్టు ఎత్తితే పడిపోయేటట్టున్న పిల్ల గుర్రాలనేం మేపుతుంది? చాచా మాత్రం అప్పటికే మోతీ పగ్గం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

మా నాయనమ్మకు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి బర్రెలు తెలుసు, ఎడ్లు తెలుసు, మేకలు తెలుసు. గుర్రం తెలియదు. మొదటిరోజు మోతీ గరిక తినడం అయ్యాక దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. గంట గడిచింది. "గిదేందిరా, నెమరేస్తలేదు? దీనికి రోగం గిట్ల ఉన్నట్టుంది. ఖాదర్ మనకు రోగపు గుర్రాన్ని అంటగట్టిండు" అని గోల చేసింది. గుర్రం నెమరు వేయదని చాచా చెబితే నమ్మలేదు. నెమరు వేయని జంతువుకు తిన్నది ఎట్లా అరుగుతుందని ఆమె అనుమానం. పైగా సుల్తాన్ నిలబడే నిద్రపోతుంటే, పండుకోవడానికి కూడా ఓపిక లేదు పాపం అని దాని నడుము పట్టింది. ఆమె ప్రేమకు లోటు లేదు. ఆ ప్రేమంతా బర్రెల లెక్కన ఉండేది. బర్రెకు తొట్టి నిండా పెడితే గబగబా మింగి, తీరిగ్గా పడుకుని నెమరు వేసుకుంటుంది. గుర్రానికి పొట్ట చిన్నది. కొంచెం కొంచెంగా రోజుకు నాలుగుసార్లు పెట్టాలి. ఈ ఒక్క తేడా మా ఇంటికి ఎక్కడానికి ఎంత కష్టమైందో తర్వాత చెబుతాను.

చాచా నాకు పని నేర్పాడు. ముందురోజు నానబెట్టిన ఉలవలను పొద్దున్నే పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గంజులో ఉడికించాలి. గింజ రెండు వేళ్ల మధ్య నలిగిపోవాలి. తవుడు కలపాలి, బెల్లం చిదపాలి, చెయ్యి పెడితే వెచ్చగా తగిలేదాకా ఆర్చాలి. చలిలో గుర్రం చన్నీళ్లు తాగడానికి బద్ధకిస్తుంది, అందుకని నీళ్లు కూడా చలి విరిగేలా కాచి పెట్టాలి. ఇదంతా చెప్పి, గుర్రం మూతికి కట్టే దాణా సంచిని, వాళ్లు తోబ్రా అంటారు, నా చేతికిచ్చి, చివరికి అసలు నియమం చెప్పాడు.

"దేఖో బేటీ. గుర్రంకు నోరు లేదు. బర్రె లెక్క నెమరేసుకోలేదు, మన లెక్క కక్కుకోలేదు. లోపలికి పోయింది బయటికి రాదు. గందుకే మేపేటోళ్లు ముందుగాల తినాలె. ఒక్క పిడికెడు. మంచిగ నమిలి మింగాలె, ఉమ్ముడు లేదు. పెట్టిన ప్రతిసారీ. గది మా గుర్రాలోళ్ల ఉసూలు."

"నాకు పోదు చాచా" అన్నాను.

"నిన్ను అన్నం తినమంటలేనమ్మా. నువ్వు తింటే తిను, లేకుంటే లేదు, నాకేం? గిది మోతీ దాణా. మోతీ కోసం రుచి చూడాలె, గంతే. నువ్వు తినకుంటే అది నీ నోరు వాసన చూస్తది. ఉలవల వాసన రాకుంటే ముట్టదు."

అన్నాళ్లకు నన్ను తినమనని మనిషి ఒకడు దొరికాడు. పిడికెడు తీసుకున్నాను. నమిలాను. చప్పగా, కొంచెం మట్టి వాసనగా, చివర్లో బెల్లం తీపిగా ఉంది. గొంతు దగ్గర ఆగింది. అప్పుడు మోతీ మెడ వంచి, తన పెద్ద ముక్కు నా నోటి దగ్గరికి తెచ్చి, వెచ్చగా ఊపిరి వదిలింది. నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే గుటక పడింది. చాచా అటు తిరిగి సుల్తాన్ జూలు సవరించుకుంటున్నాడు.

ఆ తర్వాత దాదాపు మూడు నెలలు నా బతుకంతా ఆ పిడికెళ్ల మధ్యే నడిచింది. పొద్దున ఒకటి, పదకొండింటికి ఒకటి, మూడింటికి ఒకటి, దీపాల వేళకు ఒకటి. గుర్రాలు రెండు గనుక సుల్తాన్ సంచికి వేరే పిడికెడు. చాచా ఈ విషయంలో ఖచ్చితమైన మనిషి. ఒకదాని దాణా తిని ఇంకొకదాన్ని మోసం చేయకూడదనేవాడు. రోజూ మలక్‌పేట నుంచి నడిచొచ్చి, ఎడమచేత్తో నా పొయ్యిలో కట్టెలు సర్దుతూ కూర్చునేవాడు. పొద్దున పూట సరూర్‌నగర్ చెరువు మీద మంచు కమ్ముకుని ఉంటే, కట్ట మీద గరిక కోసే ఆడవాళ్లు కొడవళ్ల చప్పుడుతో తప్ప కనిపించేవాళ్లు కాదు. నేను వాళ్ల దగ్గర మోపు తీసుకుని నెత్తిన పెట్టుకుని వచ్చేదాన్ని. పండ్ల మార్కెట్‌లో దెబ్బతిన్న ఆపిల్ పండ్లు ఏరి తెచ్చి, కుళ్లు కోసేసి, గుర్రాలకు చెరొకటి ఇచ్చేదాన్ని. ఆ పండు విషయంలోనూ చాచా నియమం వర్తించేది. నేను కొరికిన తర్వాతే మోతీ కొరకాలి. సుల్తాన్‌కు పళ్లు అరిగిపోయాయి, దానికి నమిలినట్టు మెత్తగా తరిగి పెట్టాల్సి వచ్చేది. తరుగుతూ తరుగుతూ నేనెంత తిన్నానో నేను చూసుకోలేదు.

పుష్యమాసంలో చలి ముదిరింది. చాచా నా చేత గోనెసంచులు కుట్టించి సుల్తాన్‌కు కప్పాడు. మోతీకి సంచులు చాలలేదు. నాయనమ్మ లోపలికి వెళ్లి, అమ్మ తన పాత చీరలతో కుట్టిన బొంత తెచ్చింది. అమ్మ పోయాక దాన్ని ఎవరూ కప్పుకోలేదు, ఉతకలేదు, పెట్టె మీద అట్లాగే ఉండేది. "ఉత్తగ ఉంటే ఏం లాభం, దానికన్న వెచ్చగ ఉంటది" అని నాయనమ్మ దాన్ని మోతీ వీపు మీద పరిచింది. నాకు మొదట కోపం వచ్చింది. ఆ సాయంత్రం మోతీ మెడకు ఆనుకుని నిలబడితే, ఉలవల వాసన, గుర్రం చెమట వాసన, వాటి కింద ఎక్కడో అమ్మ తలకు రాసుకునే కొబ్బరినూనె వాసన వచ్చాయి. చాలాసేపు అక్కడే ఏడ్చాను. ఏడ్చాక ఆకలేసింది. పిడికెడు కాకుండా రెండు తిన్నాను.

ఇంత బాగా సాగుతున్న రోజుల్లో నేనే ఒక తప్పు చేశాను. ఊరి నుంచి పెద్దమనుషులు ఇద్దరు వచ్చి, నాయనమ్మతో నాయినకు మారుమనువు మాట ఎత్తారు. చాచా కట్టు చూపించుకోవడానికి దవాఖానకు పోయి ఆ పొద్దున రాలేదు. పెరట్లో పొయ్యి దగ్గరున్న నాకు అంతా వినిపించింది. గొంతు మళ్లీ మూసుకుపోయింది. కట్టెలు మంచుకు తడిసి సరిగా మండడం లేదు, నాకేమో అక్కడ నిలబడ బుద్ధి కాలేదు. ఉలవలు సగమే ఉడికి ఉండగానే దించేశాను. నా పిడికెడు తీసి బర్రె తొట్టిలో పారేసి, కొట్టం వెనక్కి పోయి కూర్చున్నాను. నాయనమ్మ బయటికొచ్చి చూసింది. పిల్ల ఏడుస్తోంది, గుర్రాలు ఆకలితో కాళ్లు కొడుతున్నాయి. సుల్తాన్‌కు గరిక వేసి, ముద్దుల మోతీ ముందు మాత్రం గంజులోని రోజంతటి దాణా ఒక్కసారే పోసింది. పైన బకెట్టెడు కుడితి కూడా పెట్టింది. కడుపునిండా తింటే అప్పుడైనా పడుకుని నెమరు వేస్తుందేమోనని ఆశ. నా నోరు వాసన చూడకుండానే మోతీ అంతా తినేసింది.

పన్నెండయ్యేసరికి మోతీ ముందుకాలితో నేలను తవ్వడం మొదలుపెట్టింది. మెడ తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది. అంత చలిలోనూ బొంత కింద చెమట కారుతోంది. పడుకోబోయి లేస్తోంది, లేచి మళ్లీ పడుకోబోతోంది. నాయిన సైకిలు మీద చాచాను ఎక్కించుకొచ్చాడు. చాచా మోతీ పొట్టకు చెవి ఆనించి విన్నాడు. ఆయన మొహంలో రక్తం లేదు. "చప్పుడు లేదు. లోపల అంతా బందయ్యింది" అన్నాడు. పశువుల డాక్టరు వచ్చి సూది వేసి, దీన్ని పొర్లనివ్వకండి, నడిపిస్తూనే ఉండండి, సాయంత్రానికి లద్దె వేస్తే బతికినట్టు అని చెప్పి వెళ్లాడు. చాచా ఒంటి చేత్తో పగ్గం పట్టలేడు. నేను పట్టుకున్నాను. నాయిన వెనక నుంచి అదిలిస్తూ, చాచా పక్కన నడుస్తూ, మా గల్లీ నుంచి చెరువుకట్ట దాకా, కట్ట నుంచి మళ్లీ గల్లీ దాకా, ఎన్నిసార్లు తిరిగామో గుర్తులేదు. మధ్యలో ఒకసారి ఆగి, వాము, ఇంగువ, నల్లుప్పు కలిపిన నీళ్లు చాచా దాని నోట్లో కొంచెం కొంచెంగా పోశాడు.

మొదటి చుట్టులోనే చాచా అడిగాడు, "పొద్దుగాల నువ్వు తిన్నవా బేటీ?" తిన్నానన్నాను. రెండో చుట్టులో ఆయన మళ్లీ అడగలేదు. మూడో చుట్టులో నేనే ఆగిపోయి, "తినలే చాచా, పారేసిన" అన్నాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. ఆయన ఎడమచేత్తో మోతీ మెడ నిమిరాడు.

"నువ్వు తినుంటే పచ్చి గింజ నీ పంటికి తగులుతుండె. నీ కడుపు ఖాళీగ ఉంటే దీని కడుపు సంగతి నీకెట్ల తెలుస్తది బేటీ?" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఒక ముసలాయన బతుకుతెరువు, ఒక మూగజీవి ప్రాణం నా చేతి పిడికెడు మీద ఆధారపడి ఉన్నాయని ఆ రోజు నా కాళ్లకు తెలిసింది. కళ్లు తిరిగి పడిపోతానేమో అనుకున్నాను గానీ, పడలేదు. రెండు నెలల కిందట మెట్లెక్కలేని పిల్లను ఆ మధ్యాహ్నమంతా గుర్రంతో నడిచాను. అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచించే తెలివి అప్పుడు లేదు.

పొద్దు వాలుతుండగా సరిగ్గా పిన్నిగారి గేటు ముందు మోతీ ఆగింది. తోకెత్తింది. లద్దె వేసింది. అంత ఆనందంగా లద్దెను చూసినవాళ్లు ఈ హైదరాబాద్‌లో ఇంకెవరూ ఉండరు. చాచా రోడ్డు పక్క రాయి మీద కూలబడి దేవుడికి షుక్రియా చెప్పుకున్నాడు. నాయనమ్మ "యాదగిరి నర్సింహస్వామీ" అని అక్కడే మోకాళ్ల మీద కూర్చుని దండం పెట్టింది. నాయిన పగలబడి నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. పిన్నిగారు గేటు తీసి చూసి, "అయ్యో, ఎత్తి పారేయకండి అన్నయ్యగారూ, మా గులాబీలకు వేసుకుంటాను" అంది. ఆ రాత్రికి మోతీకి దాణా లేదు, ఉత్త గోరువెచ్చని నీళ్లే. మాకు మాత్రం నాయనమ్మ జొన్నరొట్టెలు కొట్టి, అనపగింజల కూర వండింది. పెరట్లో పొయ్యి చుట్టూ కూర్చున్నాం. నేను నాలుగు రొట్టెలు తిన్నాను. మూడోది తుంచుతుండగా తలెత్తితే అందరూ తినడం ఆపి నన్నే చూస్తున్నారు. చాచా ఒక్కడే తల వంచుకుని తన రొట్టెను జాగ్రత్తగా నములుతున్నాడు. ఊరి పెద్దమనుషులు తెచ్చిన మాటను నాయిన ఆ రాత్రే తెంచేశాడని తర్వాత తెలిసింది.

మాఘం వచ్చేసరికి చాచా పిండికట్టు విప్పేశారు. మోతీ నిగనిగలాడుతూ ఉంది, సుల్తాన్‌కు కూడా ఎముకల మీద ఇంత కండ పట్టింది. తీసుకెళ్లే రోజు చాచా బొంతను దులిపి, మడతపెట్టి, రెండు చేతులతో నాకిచ్చాడు. మోతీ తోబ్రా కూడా నా దగ్గరే ఉంచుకోమన్నాడు. నాయనమ్మ ఆయన ఎదురుగా నిలబడి, రెండు చేతులెత్తి దండం పెట్టింది. ముసలామె అట్లా వెక్కివెక్కి ఏడవడం అమ్మ పోయిన రోజు తర్వాత అదే చూడటం. "అరే అమ్మా, నాకెందుకు" అని చాచా కంగారుపడి ఆమె చేతులు దించాడు. గుర్రాలు పోతున్నాయని ఏడుస్తోందనుకున్నాను. ఆమె గుర్రాల మీద అంత మాయ పెంచుకుందా అని నాకు ఆశ్చర్యం కూడా వేసింది.

ఆ వేసవి తర్వాత మళ్లీ బడికి పోయాను, చదివాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. నా పెళ్లికి మా ఆయన మోతీ మీదే వచ్చాడు. ఆ రోజు కూడా దాణా నేనే పెడతానని పసుపు బట్టలతో బయలుదేరితే ఆడవాళ్లు పట్టుకుని ఆపారు. తర్వాత నాకు దూరపు ఊళ్లో పోస్టింగు వచ్చింది. చాచా పోయిన సంగతి ఆయన పోయిన చాలా రోజులకు నాయిన ఉత్తరంలో తెలిసింది. సెలవు పెట్టి వచ్చినా చూసేది ఏముందని ఊరుకున్నాను. అది నా తప్పే. స్కూల్లో పిల్లలకు మధ్యాహ్న భోజనం వచ్చాక, వడ్డించే ముందు టీచరు రుచి చూడాలని నిబంధన పెట్టారు. మా వాళ్లు కొందరు సంతకం పెట్టి ఊరుకునేవాళ్లు. నేను మాత్రం రోజూ ఒక పిడికెడు తీసుకుని, నమిలి మింగి, అప్పుడే గంట కొట్టించేదాన్ని. ఇది గుర్రాల వాళ్ల నియమమని గొప్పగా చెప్పేదాన్ని కూడా.

గడ్డిఅన్నారంలో మా కొట్టం ఉన్నచోట ఇప్పుడు ఐదంతస్తుల హాస్టలు ఉంది. పండ్ల మార్కెట్ కూడా వెళ్లిపోయింది. ఆ హాస్టల్లో కోచింగులకు వచ్చిన ఆడపిల్లలు ఉంటారు. సాయంత్రాలు అటు వెళ్లినప్పుడు, మెస్ కిటికీ దగ్గర కంచంలో మెతుకులు అటూ ఇటూ జరిపే పిల్ల ఒకతైనా కనిపిస్తుంది. ఇప్పటి పిల్లలకు మందులున్నాయి, మాట్లాడే డాక్టర్లున్నారు, అవన్నీ ఉండాలి, మంచిదే. ఆ పిల్ల చేతికి ఒక పగ్గం ఇచ్చేవాళ్లు మాత్రం ఈ ఊళ్లో దొరకరేమో. మా ఇంట్లో మోతీ తోబ్రా ఇంకా ఉంది. వంటింట్లో మేకుకు వేలాడుతూ ఉల్లిగడ్డలు మోస్తుంది. మా కోడలు దాన్ని రెండుసార్లు పారేయబోతే రెండుసార్లూ ఇంట్లో యుద్ధమైంది.

ఇక ఎల్బీనగర్ పెళ్లి. గుర్రం తెచ్చిన మనిషికి నలభై ఐదు దాకా ఉంటాయి. మూడు తరాలుగా గుర్రాల పనేనట. పలకరింపుగా, సాటి వృత్తివాడితో మాట్లాడినట్టు, "దాణా పెట్టే ముందు నువ్వు పిడికెడు తిన్నవా మరి?" అని అడిగాను.

అతను నవ్వాడు. "నేనెందుకు తింట అమ్మా?"

"మేపేటోళ్లు ముందు తినాలె కదా. మీ గుర్రాలోళ్ల నియమం."

"గసొంటిదేం లేదమ్మా. మా నాయిన తినలే, మా తాత తినలే. గుర్రం దాణా మనుషులెందుకు తింటరు? గింజ వేళ్లతోని నలిపి చూస్తం, మెత్తగైందా లేదా అని. గంతే. గా ముచ్చట మీకెవరు చెప్పిండ్రు?"

ఆ చలికాలమంతా కళ్ల ముందు తిరిగింది. పొయ్యి పక్కన కూర్చున్న చాచా. ఎడమచేతి రెండు వేళ్ల మధ్య గింజను నలిపి చూసే చాచా. ఆయన ఒక్క పిడికెడు నోట్లో వేసుకోగా నేనెన్నడూ చూడలేదు. నా నోరు వాసన చూడకుండానే మోతీ తొట్టి ఖాళీ చేసిన రోజు కూడా నాకు తట్టలేదు. దండం పెట్టిన నాయనమ్మకు ఎప్పుడో అర్థమైంది. పదిహేనేళ్ల పిల్లకు అర్థం కాలేదు సరే, పాఠాలు చెప్పుకు బతికిన ఈ టీచరమ్మకు ఇన్నేళ్లు పట్టింది. ఆయనకు ఒక్కసారి కూడా కృతజ్ఞత చెప్పలేదు. దేనికి చెప్పాలో తెలియలేదు గనుక.

"మా ఖాదర్ చాచా చెప్పిండు. అబద్ధం చెప్పిండు" అన్నాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. అతను కంగారుపడి, "కూసోండమ్మా, నీళ్లు తేవాల్నా?" అన్నాడు.

అంతలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి తలపాగా వచ్చిందని కేక వినిపించింది. డీజే మొదలైంది. అతను గుర్రం మూతి నుంచి సంచి విప్పాడు. అడుగున కొంచెం దాణా మిగిలి ఉంది. నేను చెయ్యి చాచాను. అతను వింతగా చూసి, సంచి నా ముందుకు వంచాడు. పట్టుచీర, శాలువా, చుట్టాలు ఎవరినీ చూడకుండా, ఒక పిడికెడు తీసుకుని, చాచా చెప్పినట్టే బాగా నమిలి మింగాను. గుర్రం మెడ వంచి నా నోరు వాసన చూసింది.